పొటాషియం ఎంత ఎక్కించినా పెరగట్లేదా? మెగ్నీషియం సంగతి చూడాలి

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది, గ్యాస్‌కు రోజూ మాత్ర వేసుకుంటారు. న్యుమోనియాతో వారం నుంచి ఐసీయూలో వెంటిలేటర్‌పై ఉన్నారు. మెగ్నీషియం 1.2 ఉందట. పొటాషియం ఎక్కిస్తున్నా పెరగట్లేదట. మెగ్నీషియం తగ్గినవాళ్లు కోలుకోవడం కష్టమని బంధువులు అంటున్నారు. మాత్రలు బయట కొని ఇమ్మంటారా?
– ఓ పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మాత్రలు కొనొద్దమ్మా. వాటితో విరేచనాలు పట్టుకుంటే ఉన్న మెగ్నీషియం కూడా పోతుంది. ఈ స్థితిలో మెగ్నీషియం సల్ఫేట్‌ను సెలైన్‌లో కలిపి నరం ద్వారానే ఎక్కించాలి. గబగబా ఎక్కిస్తే చాలావరకు మూత్రంలో పోతుంది కాబట్టి గంటల తరబడి నెమ్మదిగా ఇస్తారు.

మామూలుగా 100 మిల్లీలీటర్ల రక్తంలో మెగ్నీషియం 1.7 నుంచి 2.2 మిల్లీగ్రాముల దాకా ఉండాలి. 1.2 అంటే బాగా తక్కువే. అయితే ఐసీయూలో ఇది మేం తరచూ చూసేదే. షుగర్ అదుపు తప్పితే మెగ్నీషియం మూత్రంలో పోతుంది. ఒంట్లో నీరు తీయడానికిచ్చే ఫ్యూరోసెమైడ్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ కూడా దాన్ని లాగేస్తాయి. పాంటప్రజోల్, ఒమెప్రజోల్ వంటి గ్యాస్ మాత్రలు ఏడాదికి మించి వాడితే మెగ్నీషియం పడిపోవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే హెచ్చరించింది. మన దగ్గర ఏళ్ల తరబడి చీటీ లేకుండా కొని మింగేస్తున్నారు. నాకు బాధ కలిగించే విషయమిది.

పొటాషియం పెరగకపోవడానికీ ఇదే కారణం కావచ్చు. కిడ్నీలో పొటాషియం బయటకుపోయే దారికి మెగ్నీషియం గడియలాంటిది. అది లేకపోతే ఎన్ని సీసాలు ఎక్కించినా మూత్రంలోకి కారిపోతూనే ఉంటుంది. రోజూ పొద్దున్నే రిపోర్టు చూసి, పొటాషియం మళ్లీ 2.9 అని నిట్టూర్చి, మెగ్నీషియం సరిచేశాక రెండు రోజుల్లో 3.8కి చేరడం రౌండ్స్‌లో నేను స్వయంగా చూశాను. రెండూ తగ్గితే గుండె లయ తప్పుతుంది. ఊపిరి తీసే కండరాలు నీరసించి వెంటిలేటర్ తీయడం ఆలస్యం కావచ్చు.

బంధువుల మాటలో కొంత నిజముంది. మెగ్నీషియం తగ్గినవారు వెంటిలేటర్‌పై ఎక్కువ రోజులు ఉంటున్నారని, మరణాలూ ఎక్కువేనని పరిశోధనల్లో తేలింది. కానీ జబ్బు తీవ్రంగా ఉన్నవారిలోనే అది ఎక్కువగా పడిపోతుంది. కాబట్టి ఆ అంకె చూసి ఆశ వదులుకోకండి. అది సరిచేయగలిగిన లోపం.

డాక్టరుగారిని రెండు విషయాలు అడగండి. మెగ్నీషియం మళ్లీ ఎప్పుడు పరీక్షిస్తారు? కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతుంది? కిడ్నీలు సరిగా లేకపోతే ఎక్కించిన మందు ఒంట్లోనే నిలిచిపోయి ఊపిరి మందగిస్తుంది. అందుకే మోకాలి కింద సుత్తితో తట్టి చూస్తుంటారు, కాలు ఎగరకపోతే మందు ఎక్కువైందని గుర్తు.

ఇంట్లో ఉన్న గ్యాస్ మాత్రల అట్ట ఇవాళే తీసుకెళ్లి వారికి చూపించండి. ఇంటికొచ్చాక ఆ మాత్ర ఇంకా కావాలో లేదో వారే చెప్పాలి. చోడి (రాగి) అంబలి, ఆకుకూరలు, వేరుశనగలు అప్పుడు పెడుదురుగాని. ఎంత పెట్టాలో మాత్రం షుగర్, కిడ్నీ రిపోర్టులు చూపించి అడగండి.