గడ్డం కింద రుమాలు

ప్రశ్న: నా వయసు 38. టోక్యోలో నిషి-కసాయ్‌లో ఉంటున్నాం. దగ్గర్లోని వ్యాయామశాలలో శనివారాలు జపనీస్ జుజుత్సు (ఎదుటివారిని పట్లు పట్టి పడేసే యుద్ధవిద్య) నేర్పుతారని బోర్డు చూశాను. చిన్నప్పటి నుంచి ఏ ఆటా ఆడలేదు. రెండో కాన్పు తర్వాత అప్పుడప్పుడు నడుము పట్టేస్తోంది. ఈ వయసులో మొదలుపెట్టొచ్చా? మగవాళ్లతో పట్లు పట్టాలంటే బెరుకు. బ్రెజిలియన్ జుజిట్సు అంటే ఇదేనా? తొమ్మిదేళ్ల మా అబ్బాయి కూడా వస్తానంటున్నాడు.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, నాది తెనాలి పక్క పల్లె. కవాసాకిలో 43వ ఏట ఈ విద్య మొదలుపెట్టాను, ఇప్పుడు 52. కాబట్టి వయసుకి భయపడకండి. నడుముని మాత్రం ముందు డాక్టరుకి చూపించండి. ‘వ్యాయామం చేయొచ్చా’ అని అడిగితే ఎవరైనా చేయమనే అంటారు. ‘వెనక్కి దొర్లొచ్చా, ఎవరైనా నన్ను ఎత్తి చాప మీద పడేస్తే పర్వాలేదా’ అని అడగండి. ఆయన చెప్పింది దోజోలో, అంటే విద్య నేర్పే చోట, గురువుగారికీ చెప్పండి.

బ్రెజిల్ సంగతి. జపాన్‌లో పాత జుజుత్సు సంప్రదాయాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటైన తకెనోఉచి-ర్యూ 1532లో పుట్టింది. అలాంటి రెండు సంప్రదాయాలు నేర్చుకున్న కానో జిగోరో 1882లో జూడోని స్థాపించారు. ఆయన శిష్యపరంపరలోని మాయెదా మిత్సుయో 1914లో బ్రెజిల్ చేరి, అక్కడ నేర్పిన విద్యే తర్వాత బ్రెజిలియన్ జుజిట్సు అయింది. అందులో నేల మీద పెనుగులాట ఎక్కువ, పోటీలూ ఉంటాయి. మీరు బోర్డు మీద చూసినది పాత పద్ధతిదైతే ఇద్దరిద్దరుగా కతా చేయిస్తారు: ఒకరు మణికట్టు పట్టుకోవాలి, రెండోవారు విడిపించుకుని పడేయాలి, ఎవరేం చేయాలో ముందే తెలుసు. మొదటిసారి వచ్చేవాళ్లకి ఇదే నయమని నా అభిప్రాయం.

అయితే అంతకుముందు ఉకెమి ఉంది. అంటే పడటం. నాకు మూడు నెలలు దాదాపు అదే నేర్పారు. గొంతుక్కూర్చుని, వీపు గుండ్రంగా చేసి వెనక్కి దొర్లాలి. వీపు నేలకి తగిలే క్షణంలోనే రెండు చేతులూ ఒంటికి కాస్త ఎడంగా చాపి, అరచేతి నుంచి మోచేయి దాకా చాపని చరచాలి. దెబ్బ ఒక్కచోట పడకుండా చేయంతా పంచుకుంటుంది. చూపు నడుముకి కట్టిన ఒబి ముడి మీదే ఉండాలి, అప్పుడు తల వెనక్కి వాలదు. నా తల వాలిపోయేది. మా గురువుగారు చేతిరుమాలు మడిచి నా గడ్డం కింద పెట్టి, అది జారకుండా పడమన్నారు. మొదటి వారం మెడ ముందువైపు నొప్పితో పళ్లు తోముకోవడమే కష్టమైంది. నెలయ్యేసరికి రుమాలు నిలిచింది.

నాలుగో నెలలో తొందరపడ్డాను. ఓగోషి అనే తుంటి పట్టు నేర్చుకుంటూ, నన్ను ఎత్తినప్పుడు భయంతో చేయి వెనక్కి ఆనించాను. మణికట్టు బెణికి ఆరు వారాలు కట్టు. పడేటప్పుడు చేయి ఆనించాలనిపించడం అందరికీ సహజమే. ఆ అలవాటు పోవడానికే అన్ని నెలలు పడతాయి. ‘ఎప్పుడూ పడటమేనా’ అని విసుగొస్తే దయచేసి నా మణికట్టుని గుర్తుచేసుకోండి.

మగవాళ్ల విషయం. నాకూ ఉండేది ఆ బెరుకు. మొదటి నెలలు ఆడవాళ్లతోనే చేస్తానని అడగండి, తప్పుగా అనుకోరు. పట్టు బిగిసిందంటే ఎదుటివారి ఒంటి మీదో చాప మీదో రెండుసార్లు తట్టాలి, లేదా ‘మయిట్టా’ (ఓడిపోయాను) అనాలి. వెంటనే వదిలేస్తారు. నొప్పి వచ్చేదాకా ఆగొద్దు. కొతెగాయెషి లాంటి మణికట్టు పట్టులో బిగువుకీ నొప్పికీ మధ్య వ్యవధి చాలా తక్కువ. తట్టిన తర్వాత కూడా క్షణం ఆలస్యంగా వదిలేవాళ్లతో మళ్లీ చేయకండి, గురువుగారికి చెప్పండి.

చేరేముందు ‘కెన్‌గాకు’కి వస్తానని చెప్పి ఒక క్లాసు కూర్చుని చూడండి. కొత్తవాళ్లు పడేటప్పుడు పాతవాళ్లు చొక్కా చేయి పట్టి ఆపుతున్నారా, వదిలేస్తున్నారా? నేను దోజోని ఎంచుకున్నది అది చూసే. ప్రమాద బీమా ఉందా అని కూడా అడగండి. దోగి, అంటే సాధనకి వేసుకునే దుస్తులు, అప్పుడే కొనకండి, మొదట్లో ట్రాక్ ప్యాంటు చాలు. దోజోలో కూర్చునే పద్ధతి సెయ్‌జా మన వజ్రాసనమే కాబట్టి, రోజూ అయిదు నిమిషాలు కూర్చుని అలవాటు చేసుకోండి. గోళ్లు కత్తిరించుకోండి. గాజులు, నల్లపూసలు, మెట్టెలు తీయాల్సిందే. మెట్టె అంచు ఎదుటివారి కాలిని కోసేస్తుంది. మా అత్తగారు మెట్టెలు తీయడానికి బాధపడ్డారు. చివరికి ఆవిడే చిన్న పట్టుసంచి కుట్టిచ్చారు, ఇప్పటికీ వాటిని అందులోనే పెట్టుకుని వెళ్తాను.

అబ్బాయిని పిల్లల క్లాసు ఉంటే చేర్చండి. పిల్లలు పడటం మనకంటే త్వరగా నేర్చుకుంటారు. ఇంట్లో మీరు సాధన చేసేటప్పుడు నిలబడి పడొద్దు, పరుపు మీద కూర్చున్నచోటి నుంచే వెనక్కి దొర్లండి. గడ్డం కింద రుమాలు పెట్టుకుని, అది జారినప్పుడల్లా చెప్పమని వాడిని పక్కన కూర్చోబెట్టుకోండి.