లైటు చోటు చూపిస్తుంది, పేరు చదవదు

ప్రశ్న: మాది బరంపురంలో మందుల హోల్‌సేల్. సుమారు 2,600 రకాల సరుకు ఉంటుంది. రోజుకు 120 బిల్లుల దాకా పడతాయి, ఒక్కో బిల్లులో సగటున 15 లైన్లు. ఛత్రపురం, ఆస్కా, పర్లాకిమిడి వైపు పార్సిళ్లు మధ్యాహ్నం బస్సులకు ఎక్కించేయాలి. సరుకు తీసే కుర్రాళ్లు ఐదుగురు. 250 ఎంజీ బదులు 500 వెళ్లిపోవడం, తిరిగి రావడం మామూలైపోయింది. ‘పిక్ టు లైట్’ పెడితే బాగుపడుతుందంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.
– ఒక స్టాకిస్టు, బరంపురం

జవాబు: అదేమిటో మిగతా పాఠకుల కోసం ముందు రెండు ముక్కల్లో చెబుతాను. ర్యాకులో ప్రతి గడి కింద ఒక చిన్న పెట్టె బిగిస్తారు. అందులో ఒక లైటు, అంకె చూపే డిస్‌ప్లే, ఒక బటన్ ఉంటాయి. బిల్లు తాలూకు బుట్ట మీది బార్‌కోడు స్కాన్ చేయగానే ఆ బిల్లులో సరుకు ఏయే గడుల్లో ఉందో అక్కడ లైట్లు వెలుగుతాయి. 3 అని చూపిస్తే మూడు తీసి బుట్టలో వేసి బటన్ నొక్కాలి, లైటు ఆరిపోతుంది. అన్నీ ఆరితే బిల్లు పూర్తయినట్టే. కాగితం పట్టుకుని పేరు వెతుక్కుంటూ తిరగడం ఉండదు. మన ప్రాంతానికి దీనివల్ల ఇంకో మేలు ఉంది. మీ కుర్రాళ్లలో ఒకరు తెలుగు, ఇద్దరు ఒడియా, గజపతి కొండల నుంచి వచ్చినవాడుంటే సవర మాట్లాడతాడు. మందు పేరేమో ఇంగ్లీషులో. అంకె మాత్రం అందరికీ వచ్చు. కొత్తగా చేరినవాడు పూట తిరగకుండా పనిలో పడతాడు.

ఇక మీ సంగతి. లైట్లు కొనడం తర్వాత చూద్దాం, మీ బిల్లింగు సాఫ్ట్‌వేరులోంచి మూడు నెలల అమ్మకాలు బయటికి తీయండి. ఏ మందు ఎన్ని రూపాయలకు అమ్ముడైందో, ఎన్ని పెట్టెలు పోయిందో ఇక్కడ అక్కర్లేదు. ఎన్ని బిల్లుల్లో వచ్చిందో లెక్కపెట్టండి. చెయ్యి ఎన్నిసార్లు ఆ గడిలోకి వెళ్తుందో అదే లైటుకు పని. మీ లెక్క ప్రకారం రోజుకు 1,800 లైన్లు కదా, వాటిలో ఎక్కువ భాగం ఐదో వంతు సరుకు నుంచే వస్తుంటాయి. నాలుగైదు వందల గడులకు లైట్లు పెట్టండి, మిగతా రెండు వేల రకాలకు కాగితమే చాలు. అన్నిటికీ పెట్టాలని అమ్మేవాళ్లు చెబుతారు, ఒప్పుకోకండి. నెలకోసారి కదిలే మందు కింద లైటు దండగ. సెలైన్ సీసాలు, సిరప్పు కార్టన్లు నేల మీదే ఉంచుకోండి. ఇన్సులిన్ లాంటివి 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్‌లో ఉండేవి, వాటిని ఈ లెక్కలోకి తేకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కాగితం చూసి సరుకు తీసేవాడు తప్పనిసరిగా స్ట్రిప్పు మీద పేరు చదువుతాడు. చదవడంలో తప్పు జరగొచ్చు, కానీ ఎవరో మార్చి పెట్టిన సరుకును పట్టుకునేదీ ఆ చదువే. లైటు వచ్చాక ఎవరూ చదవరు. చదవమన్నా చదవరు, త్వరగా పని కావాలనే కదా పెట్టింది! చెయ్యి లైటు దగ్గరికి వెళ్తుంది, అంకె ఎంతో చూస్తుంది, తీస్తుంది, నొక్కుతుంది. గడిలో ఏముందో ఆ పెట్టెకు తెలియదు. కాబట్టి సరుకు తీసే దగ్గర జరిగే తప్పులు తగ్గి, సరుకు నింపే దగ్గర జరిగిన ఒక్క తప్పు పూటంతా వెళ్లే ప్రతి బిల్లులోనూ వెళ్తుంది. రికార్డులో మాత్రం అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. ఒక గోదాములో నేను కళ్లారా చూశాను. ఒకే బ్రాండు 5 ఎంజీ, 10 ఎంజీ పెట్టెలు, రెండూ లేత నీలం, సైజు కూడా అదే. తేడా అల్లా పక్క అంచున ఉన్న అంకె ఒక్కటే. గడిలో పెట్టేటప్పుడు ఆ అంచు గోడ వైపు తిరిగిపోయింది. అది బీపీ మందు. ఎవరింట్లోనో ఒక పెద్దాయన దాన్ని రెట్టింపు మోతాదులో మింగితే ఏమిటి గతి? అందుకే ఈ ఒక్క విషయంలో నేను మొండిగా చెబుతాను.

నింపే పనికి మనిషిని వేరుగా పెట్టండి. అతని చేతిలో స్కానర్ ఉండాలి. ముందు పెట్టె మీది కోడు, తర్వాత గడి లేబులు. రెండూ కలిస్తేనే సరుకు లోపలికి వెళ్లాలి, కలవకపోతే సాఫ్ట్‌వేరు మొరాయించాలి. 2023 ఆగస్టు 1 నుంచి కేంద్రం ఎంపిక చేసిన 300 బ్రాండ్ల మీద బార్‌కోడు గానీ క్యూఆర్ కోడు గానీ తప్పనిసరి. బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ కూడా అందులోనే ఉంటాయి. మిగతావాటికి సరుకు దిగినప్పుడే మీరే లేబులు కొట్టి అంటించుకోండి. మన గోదాముల్లో కంపెనీల వారీగా సర్దడం అలవాటు కాబట్టి ఒకే బ్రాండు రెండు పవర్లు పక్కపక్కనే కూర్చుంటాయి. లైట్లు పెట్టే చోట ఆ అలవాటు మానండి. 250, 500 వేర్వేరు ర్యాకుల్లో ఉండనివ్వండి.

బ్యాచ్ సంగతి కూడా చూసుకోండి. బిల్లు మీద బ్యాచ్ నంబరు పడుతుంది కదా, ఒకే గడిలో రెండు బ్యాచ్‌లు కలిస్తే బిల్లు ఒకటి చెబుతుంది, స్ట్రిప్పు ఇంకొకటి చెబుతుంది. ఒక గడికి ఒకే బ్యాచ్. అది ఖాళీ అయ్యాకే రెండోది. ముందు గడువు తీరేదే ముందు బయటికి పోవాలి. షెడ్యూల్ హెచ్1 మందులు (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన, అమ్మకం విడిగా రాసిపెట్టాల్సిన జాబితాలోవి), ఖరీదైనవి ప్యాకింగు బల్ల మీద మళ్లీ స్కాన్ చేయించండి. కొంచెం ఆలస్యమైనా ఫర్వాలేదు.

వైరింగు మీ ఎలక్ట్రీషియన్‌కు కొత్త కాదు గానీ రెండు విషయాలు చెప్పి ఉంచండి. కరెంటు 24 వోల్టుల డీసీ తీసుకోండి. 20 మీటర్ల వరుసకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే రానూపోనూ రెసిస్టెన్స్ సుమారు అర ఓము. రెండున్నర ఆంపియర్లు పారినా పోయేది ఒకటింపావు వోల్టు, 24లో అది లెక్కలోకి రాదు. ఏ లైటు వెలగాలో చెప్పే సమాచారం ఆర్ఎస్-485 (ఒక జత తీగల మీద పెట్టెలన్నిటికీ సంకేతాలు పంపే పద్ధతి) మీద నడిచేదైతే తీగ ఒక పెట్టె నుంచి పక్క పెట్టెకు వరుసగా పోవాలి, మధ్యలో కొమ్మలు వేయకూడదు. రెండు కొసల్లోనూ 120 ఓముల రెసిస్టర్ ఉండాలి. కొమ్మలు వేసిన చోట లైట్లు ఉండుండి తప్పుగా వెలుగుతాయి, ఆ జబ్బు ఎక్కడుందో దొరకక ప్రాణం విసుగెత్తిపోతుంది. గోపాలపురం వైపు ఉప్పుగాలికి కనెక్టర్ల మీద పచ్చ పట్టేస్తుంది కాబట్టి బిగుతుగా మూసుకునే రకం తీసుకోండి.

ఆఖరుగా, ప్రతి గడి మీదా దాని నంబరు పెద్ద అక్షరాలతో రాయించండి. లైట్లకు, కంప్యూటరుకు యూపీఎస్ పెడతారు, సరే. కానీ 2013 అక్టోబరులో ఫైలిన్, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాన్లు మన జిల్లాలను ఏం చేశాయో మీకు నేను చెప్పాలా? అలాంటి రోజుల్లోనే మందుల కోసం మనిషి పరుగెత్తుకొస్తాడు. గడి నంబర్ల వరుసలో ప్రింటు తీసిన కాగితంతో, టార్చిలైటు వెలుతురులో మీ కుర్రాళ్లు బిల్లు కట్టగలగాలి. నెలకో పూట లైట్లు ఆపేసి అలా చేయించి చూడండి.

ప్రశ్న: సార్, నేను రాయగడలో డిప్లొమా చదువుతున్నాను. జయపురంలో మా మామయ్యకు ఆటో స్పేర్ పార్టుల షాపు ఉంది, వెనక 150 గడులు. రంగులు మార్చే ఎల్ఈడీ స్ట్రిప్పు, ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలరు బోర్డుతో నేనే చేస్తానంటే ‘బొమ్మలాటలు వద్దు’ అంటున్నాడు. చేయొచ్చా?

జవాబు: తప్పకుండా చెయ్యి బాబూ. మామయ్యకు ఒక్క ర్యాకు చేసి చూపించు, ఆయనే మిగతావి చేయమంటాడు. డబ్ల్యూఎస్2812 రకం స్ట్రిప్పు అయితే నాలుగు విషయాలు చూసుకోవాలి. అది 5 వోల్టుల సరుకు. తెల్లగా పూర్తి వెలుగులో ఒక్కో ఎల్ఈడీ 60 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది, 150 కలిస్తే 9 ఆంపియర్లు. సన్న తీగతో ఒక కొస నుంచే కరెంటు ఇస్తే అవతలి కొసకు వోల్టేజి చేరదు, ముందు నీలం నీరసిస్తుంది, తెలుపు ఎర్రబారుతుంది. నువ్వేమో ఒక్కో మనిషికి ఒక్కో రంగు ఇస్తావు, చివరి ర్యాకులో నీలం కుర్రాడికి తన లైటే సరిగా కనబడదు. రెండు మూడు చోట్ల కరెంటు అందించు, వెలుగు తగ్గించి వాడు.

ఈఎస్‌పీ32 ఇచ్చేది 3.3 వోల్టుల సిగ్నలు. 5 వోల్టుల మీద ఉన్న స్ట్రిప్పు 3.5 దాకా కోరుతుంది. నీ బల్ల మీద పనిచేస్తుంది, షాపులో పిచ్చి రంగులు చూపిస్తుంది. మధ్యలో సిగ్నలును 5 వోల్టులకు పెంచే 74హెచ్‌సీటీ రకం చిప్పు పెట్టు. పైగా ఈ స్ట్రిప్పులో ఒక ఎల్ఈడీ పోతే దాని తర్వాతవన్నీ చీకటే. అందుకని ర్యాకుకో స్ట్రిప్పు వేరుగా నడుపు.

నాలుగోది నువ్వు రాయలేదు. స్ట్రిప్పుకు బటన్ లేదు. తీశారో లేదో నీ బోర్డుకు ఎలా తెలుస్తుంది? గడికో బటన్ పెట్టే బదులు చేతి స్కానరుతో పార్టు డబ్బా మీది కోడు కొట్టించు, లైటు అప్పుడే ఆరాలి. కాస్త నెమ్మదవుతుంది గానీ మీకు అదే మంచిది. 6203 బేరింగు, 6204 బేరింగు పక్కపక్కన పెడితే కస్టమరు హడావిడిలో ఎవరు చూస్తారు? లోపలి రంధ్రం ఒకదానికి 17 మిల్లీమీటర్లు, రెండోదానికి 20. మెకానిక్కు బండి విప్పాక గానీ తెలియదు. ఇంకొకటి, ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మగవాళ్లు కొంతమంది ఉంటారు, చాలామందికి తమకు అలా ఉందనే తెలియదు. నీలం, పసుపు వాడు.

ప్రశ్న: నేను పర్లాకిమిడిలో ఒక హోల్‌సేల్ గోదాములో సరుకు తీస్తాను. ఈమధ్య లైట్లు పెట్టారు. 6 అని వెలుగుతుంది, గడిలో నాలుగే ఉంటాయి. బటన్ నొక్కితే ఆరు తీసినట్టు పడుతుంది, నొక్కకపోతే బిల్లు కదలదు. సాయంత్రం నన్నే అడుగుతున్నారు. ఏం చేయాలి?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, ఇది నీ తప్పు కాదు. చాలా పెట్టెల మీద పెద్ద బటన్ పక్కన చిన్న మైనస్ బటన్ ఉంటుంది. దాన్ని రెండుసార్లు నొక్కితే 6 కాస్తా 4 అవుతుంది, అప్పుడు పెద్దది నొక్కు. తక్కువ తీసినట్టు రికార్డులో పడుతుంది, నింపే మనిషికి కబురు వెళ్తుంది. ఆ బటన్ ఉండి కూడా అంకె మారకపోతే సాఫ్ట్‌వేరులో ఆ సౌకర్యం తెరవలేదన్నమాట. పెట్టినవాళ్లను పిలిపించి తెరిపించమని మీ యజమానికి చెప్పు, ఈ పేజీ చూపించు. అప్పటిదాకా తక్కువ వచ్చిన గడి నంబరు, టైము ఒక నోటుబుక్కులో రాసుకో. వారం తిరిగేసరికి ఆ నంబర్లు మళ్లీమళ్లీ అవే కనిపిస్తాయి. ఆ గడులు చిన్నవైనా అయ్యుండాలి, మధ్యాహ్నం నింపడం మానేసైనా ఉండాలి. రెండూ యజమాని సరిచేయాల్సినవే.