టైపు రాయక్కర్లేదన్నాను, ఇంటర్వ్యూ పోయింది

ప్రశ్న: మాది అనంతపురం. డిగ్రీ అయ్యాక బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్లో ఉంటూ పైథాన్, డేటా అనలిటిక్స్ కోర్సు చేస్తున్నాను. మొన్న ఒక ఇంటర్వ్యూలో టైప్ ఇన్ఫరెన్స్ అంటే ఏంటని అడిగారు. ‘పైథాన్‌లో ఉండేదే, టైపు (విలువ అంకెనా, మాటా అనేది) మనం రాయక్కర్లేదు’ అన్నాను. అక్కడితో సరి. రూమ్మేట్లు జావాకు మారిపొమ్మంటున్నారు. నాన్న ఇంకో ఫీజు కట్టలేరు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఫీజు టెన్షన్ వదిలేయండి. ఇంకో కోర్సు అక్కర్లేదు. ఓ వారం కూర్చుంటే పోయే లోటు ఇది.

మీరు చెప్పింది చాలామంది చెప్పేదే, కానీ తప్పు. పైథాన్‌లో వయసు అనే వేరియబుల్‌లో 20 పెట్టి, కింది లైన్లో అందులోనే ‘ఇరవై’ అనే మాట పెట్టండి. కిక్కురుమనదు. అక్కడ టైపు ఉండేది విలువకు, పేరుకు కాదు. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు చూసుకుంటుంది. అది డైనమిక్ టైపింగ్. ఇదే పని జావాలో, 2018లో జావా 10తో వచ్చిన ‘వార్’ పెట్టి చేయండి. రెండో లైన్ దగ్గర, కోడ్ నడవకముందే దాన్ని సరిచూసే కంపైలర్ ఆపేస్తుంది. 20 చూసిన క్షణమే అది ‘ఇంట్’ (పూర్ణాంకం) అని తేల్చేసుకుంది, ఇక మార్చనివ్వదు. ఇన్ఫరెన్స్ అంటే అదీ. విలువ ఇవ్వకుండా ఉత్త ‘వార్’ రాస్తే అసలు ఒప్పుకోదు, దేన్ని చూసి తేల్చుకోవాలి పాపం! ఇదేమీ కొత్త విద్య కాదు. 1970ల్లోనే ఎడిన్‌బరోలో కంప్యూటర్ శాస్త్రవేత్త రాబిన్ మిల్నర్ వాళ్లు చేసిన ఎంఎల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఫంక్షన్‌కు ఇచ్చే పారామీటర్ల టైపులు కూడా రాయకుండానే తేలేవి. జావా ‘వార్’ అంత దూరం పోదు, ఫంక్షన్ లోపల వాడుకునే లోకల్ వేరియబుల్స్ దగ్గరే ఆగుతుంది.

అయితే మీరు వెళ్లేది డేటా వైపు. అక్కడ విలువను చూసి టైపు ఊహించే ఈ పని ఇంకో రూపంలో వస్తుంది, ఎర్రర్ కూడా ఇవ్వకుండా ముంచుతుంది. ఈ రాత్రే ఒక చిన్న సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన పట్టిక) చేయండి. ఒక కాలమ్‌లో పిన్‌కోడ్, పక్కన ఎస్టీడీ కోడ్. మారతహళ్లి 560037 రాయండి, ఒక వరసలో పిన్‌కోడ్ ఖాళీగా వదలండి. ఎస్టీడీ కింద బెంగళూరు 080, మీ అనంతపురం 08554. పైథాన్‌లో పట్టికలు చదివే లైబ్రరీ పాండాస్‌తో తెరవండి. 080 కాస్తా 80 అయి కూర్చుంటుంది, 08554 ముందు సున్నా ఎగిరిపోతుంది. ఆ ఒక్క ఖాళీ గడి వల్ల పిన్‌కోడ్ కాలమ్ మొత్తం ఫ్లోట్ (దశాంశ సంఖ్య) అయి 560037.0 అని చూపిస్తుంది. చదివించేటప్పుడే డీటైప్ అనే ఆప్షన్‌లో ఈ రెండు కాలమ్‌లూ స్ట్రింగ్ (మాట) అని చెబితే ఈ గొడవ ఉండదు. కూడికలు, తీసివేతలు చేయని అంకె ఏదైనా నాకు మాట కిందే లెక్క. పాండాస్ లాంటిదే ఇంకో లైబ్రరీ పోలార్స్ అయితే మామూలుగా మొదటి 100 వరసలే చూసి టైపు తేల్చేస్తుంది. ఒక్క మెతుకు పట్టి చూసే పద్ధతి అన్నానికి సరే, నూట ఒకటో వరసలో ‘లేదు’ అని ఎవరో రాసి ఉంటే?

తర్వాత టైప్ హింట్లు, అంటే పేరు పక్కన టైపు రాసి పెట్టే సూచనలు, చూడండి. 2015లో పైథాన్ 3.5తో వచ్చాయి. రాసినంత మాత్రాన పైథాన్ పట్టించుకోదు, కోడ్‌లో టైపులు సరిచూసే మైపై లాంటి చెకర్ నడిపితేనే తప్పు పట్టుకుంటుంది.

రూమ్మేట్ల మాట బ్యాకెండ్ (సర్వర్ వైపు) ఉద్యోగాలకైతే నిజమే. మీరు మాత్రం ఆ టైమ్ డేటాబేస్‌ల భాష ఎస్‌క్యూఎల్ మీద పెట్టండి. అక్కడ టేబుల్ చేసేటప్పుడు మామూలుగా ప్రతి కాలమ్‌కూ టైపు మీరే రాయాలి. పిన్‌కోడ్‌కు ఏం రాస్తారో, ఎందుకో గట్టిగా చెప్పడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి. తర్వాతి ఇంటర్వ్యూలో నిర్వచనం చెప్పి ఊరుకోకుండా, ఆ 080 కథ చెప్పండి.