మురుగు మళ్లించాక కూడా రిజర్వాయర్ నీళ్లు ఎందుకు పచ్చబడతాయి?

మురుగు మళ్లించి మూడేళ్లయినా ఎండాకాలం నీళ్లు పచ్చబడుతున్నాయి, ఇంకేదైనా కాలువ దొంగచాటుగా కలుస్తోందా అని మీ ప్రశ్న. కాలువ సంగతి తర్వాత, ముందు అడుగు బురద చూడండి. మూసీ ఉపనదికి అడ్డంగా 1562లో కట్టిన హుస్సేన్ సాగర్‌లోనైనా, మీ దగ్గరైనా ఏళ్ల తరబడి వచ్చిన భాస్వరంలో, అంటే నీళ్లను పచ్చబరిచే నాచుకు మేతలో, చాలాభాగం పూడికలోనే ఉంటుంది. మురుగు ఆగాక కూడా అది పైకి రావడం తగ్గడానికి చాలాచోట్ల 10–15 ఏళ్లు పడుతుంది.

పరీక్ష కష్టమేమీ కాదు. లోపలి వెడల్పు 7 సెంటీమీటర్లున్న అక్రిలిక్ గొట్టాలు రెండు తీసుకుని, బాగా లోతున్న చోట బురదలోకి నిలువుగా, కదిలించకుండా దించండి. 20 సెంటీమీటర్ల బురద, దానిపైన 26 సెంటీమీటర్ల నీళ్లు, అంటే లీటరు, ఉండాలి. రెండింటినీ చీకట్లో, చెరువు అడుగున ఉన్నంత వేడిలోనే ఉంచండి. ఒకదానికి చేపల తొట్టి పంపుతో మెల్లగా గాలి ఇవ్వండి, రెండోదానికి గట్టిగా మూత బిగించండి.

బురద పైన రెండు మూడు మిల్లీమీటర్ల తుప్పురంగు పొర కనిపిస్తుంది. భాస్వరాన్ని పట్టి ఉంచే ఇనుము అదే. మూత బిగించిన గొట్టంలో ఆక్సిజన్ అయిపోయాక ఆ పొర వెలిసిపోయి నల్లబడుతుంది. ఇనుము కరుగుతుంది, దాంతోపాటే భాస్వరమూ నీళ్లలోకి వస్తుంది. రోజూ సిరంజితో 50 మిల్లీలీటర్లు తీసి, అక్కడికక్కడే 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, భాస్వరం కొలిపించాలి. ఆలస్యమైతే గాలి తగిలి ఇనుము మళ్లీ తుప్పై భాస్వరాన్ని కిందికి లాగేస్తుంది, లెక్క తక్కువ వస్తుంది. తీసినన్ని నీళ్లు అదే చెరువువి వడకట్టి తిరిగి పోయండి, లెక్కలో సర్దండి. భాస్వరం లీటరుకు రోజుకు 0.05 మిల్లీగ్రాములు పెరిగితే, చదరపు మీటరు బురద నుంచి రోజుకు 13 మిల్లీగ్రాములు వస్తోందన్నమాట. 100 హెక్టార్ల అడుగు అంతా అలాగే ఇస్తే రోజుకు 13 కిలోలు!

మధ్యాహ్నం గట్టు మీంచి బకెట్టు ముంచి "ఆక్సిజన్ బాగుంది" అని రాసే రిపోర్టులు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ వేళ నాచు పైనీటిని ఆక్సిజన్‌తో నింపేస్తుంది. కొలవాల్సింది తెల్లవారకముందు, బురదకు అర మీటరు పైన. ఫౌంటెన్లు పైనీటినే చిలుకుతాయి, అడుగుకి గాలి చేరదు. బురద కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంటే ఇనుము సల్ఫైడ్‌తో కలిసిపోయిందని అర్థం, అప్పుడు గాలి ఇచ్చినా అది భాస్వరాన్ని పట్టుకోవడం కష్టం. పటిక వేయొచ్చు, కానీ నీటి పీహెచ్ 9 దాటే నాచు రోజుల్లో వేస్తే పట్టిన భాస్వరాన్ని వదిలేస్తుంది.

పూడిక తీయించేట్టయితే గొట్టంలో బురదను 2 సెంటీమీటర్ల బిళ్లలుగా కోసి, ఒక్కోదాన్లో భాస్వరం కొలిపించండి. భాస్వరం బాగా తగ్గిపోయే లోతు దాకా తవ్వాలి. మధ్యలో ఆపితే ఇంకా ఎక్కువ భాస్వరమున్న పొర పైకి తేలొచ్చు. ఊరి చెరువు పూడికలా దీన్ని నేరుగా పొలాలకు తోలకండి, ముందు సీసం, క్రోమియం పరీక్ష చేయించాలి.