కమొడోర్ 64కి 1541 డ్రైవ్ కనపడకపోతే

పాత కమొడోర్ 64 కంప్యూటర్‌కి 1541 ఫ్లాపీ డిస్క్ డ్రైవ్ తగిలిస్తే స్క్రీన్ మీద 'డివైస్ నాట్ ప్రెజెంట్' అని వస్తోంది కానీ, డ్రైవ్ ఆన్ చేయగానే ఎర్ర లైట్ వెలిగి ఆరుతోంది, మోటార్ కాసేపు తిరిగి ఆగుతోంది అని ఒకరు అడిగారు. అలా అయితే డ్రైవ్ దాదాపు బాగానే ఉన్నట్టండీ, టెన్షన్ పడకండి. లైట్ ఆరకుండా మోటార్ తిరుగుతూనే ఉంటే అప్పుడు లోపలి చిప్పుల్ని అనుమానించాలి. ఆ మెసేజ్‌కి అర్థం కంప్యూటర్ 8వ నంబరుని (డ్రైవ్‌కి మామూలుగా ఉండే నంబరు) పిలిస్తే ఎవరూ పలకడం లేదని, అంతే.

ముందు రెండూ ఆఫ్ చేయండి (ఆన్‌లో ఉండగా కేబుల్ పీకితే చిప్ పోవచ్చు, నిజంగా), ప్రింటర్ లాంటిదేదైనా అదే వరుసలో ఉంటే తీసేసి డ్రైవ్ ఒక్కటే ఉంచి, మళ్లీ రెండూ ఆన్ చేసి లోడ్ "$",8 (డిస్క్‌లో ఏమున్నాయో జాబితా తెచ్చే కమాండ్) కొట్టండి. అంతకుముందు వాడినవాళ్లు రెండో డ్రైవ్‌గా పెట్టుకోవడానికి లోపల నంబరుని నిర్ణయించే జంపర్ (చిన్న లోహపు కలుపు) కోసేసి నంబరు మార్చి ఉండొచ్చు, అందుకని 8 బదులు 9, 10, 11 కూడా ఒకసారి చూడండి.

అయినా పలక్కపోతే నా అనుమానం కేబుల్ మీదే. మల్టీమీటర్‌తో ఒక్కో పిన్నూ ఈ చివర నుంచి ఆ చివరకి బీప్ కొడుతోందా చూడండి. నాదాంట్లో 5వ పిన్ను, అంటే డేటా లైన్, పైకి శుభ్రంగా ఉండేది, ప్లగ్ విప్పితే లోపల టంకం ఊడిపోయి ఉంది. అది తెలియక రెండు వారాలు డ్రైవ్‌ని విప్పుకుంటూ కూర్చున్నా!

డ్రైవ్ పలికాక ఎర్ర లైట్ మిణుకుమిణుకుమంటే అది వేరే గొడవ, డిస్క్ చదవలేకపోతోందని. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో డిస్క్‌ని చదివే హెడ్ తుడిచి, ఇంకో డిస్క్ పెట్టి చూడండి.