గుంపులో రెండు రాజులు

ప్రశ్న: సార్, మాది అనంతపురం. విత్తనాల అంగడి ఉంది. ఏటా శెనక్కాయల పని ముగిశాక స్నేహితులం గుంతకల్లులో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి గోవా పోతాం. ఈసారి అక్కడ 100-200 బ్లైండ్ల (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు) పోకర్ టేబుల్ దగ్గర 20,000 రూపాయలతో కూర్చున్నాను. బటన్ (పంచేవాడి స్థానం) నాది. నాకంటే ముందు నలుగురు తలా 200 పెట్టి లోపలికి వచ్చారు. నాకు ఇస్పేటు రాజు, డైమను రాజు పడ్డాయి. 800 చేశాను. చిన్న బ్లైండ్ ఆయన ఒక్కడే ముక్కలు పడేశాడు, మిగతా ఐదుగురూ కాల్ చేశారు, అంటే నా అంత పెట్టారు. ఫ్లాప్‌లో, అంటే అందరికీ కలిపి బల్ల మీద తెరిచే ఐదు ముక్కల్లో మొదటి మూడింట్లో, ఆఠీను తొమ్మిది, ఆఠీను ఎనిమిది, కళావరు ఆరు. అందరూ చెక్ (డబ్బు పెట్టకుండా వంతు దాటేయడం) అన్నారు. నేను 3,000 పెట్టాను. ఒకాయన కాల్ చేశాడు. అంతవరకు నోరు మెదపని ఒక పెద్దాయన 9,000 చేశాడు. టెన్షన్‌లో ఆల్-ఇన్ (ఉన్నదంతా పెట్టేయడం) అన్నాను. ఆయన దగ్గర మూడు ఆరులు. అంతా పోయింది. అంత మంచి ముక్కలతో కూడా ఓడిపోయానంటే నా తప్పు ఎక్కడుంది?

జవాబు: రెండు చోట్ల ఉంది. రెండోది మీకు తెలిసినట్టే ఉంది, అందుకే టెన్షన్ అని రాశారు. మొదటిది మాత్రం మీ ఉత్తరంలో ఒక్క ముక్కలో దాటేశారు: ‘800 చేశాను’. ఎక్కువ నష్టానికి దారి తీసింది అదే.

నేను కర్నూలులో ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పాను. అందుకని ముందు లెక్కే చూద్దాం. మీరు 800 పెట్టేసరికి మధ్యలో ఎంత ఉంది? నలుగురివి 800, బ్లైండ్లు 300, మీవి 800. మొత్తం 1,900. పెద్ద బ్లైండ్ ఆయన ఇంకో 600 పెడితే చాలు, ఆ 1,900 కోసం ఆడొచ్చు. ఆయన వచ్చాడు కాబట్టి తర్వాతివాడికి ఇంకా చవక. చివరివాడి వంతు వచ్చేసరికి మధ్యలో 4,300 ఉంది, అతను పెట్టాల్సింది అదే 600. రెండు ఆరులు పట్టుకున్న మనిషి ఆ ధరకు ఎందుకు రాడు? పైగా మీ దగ్గర, మిగతావాళ్ల దగ్గర ఇంకా చాలా డబ్బు ఉంది. చేతిలో జత ఉన్నవాడికి ఫ్లాప్‌లో మూడోది కలిసే అవకాశం దాదాపు ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి. కలిస్తే మీ 20,000 అతనివి, కలవకపోతే అతనికి పోయేది 600. మీరు రెయిజ్ చేశాను, అంటే పందెం పెంచాను అనుకున్నారు గానీ, నిజానికి అందరికీ తక్కువ ధరకు టికెట్ అమ్మారు.

లైవ్ టేబుల్ మీద నేను పాటించే కొలత చెబుతాను. పెద్ద బ్లైండుకు నాలుగింతలు, ఆపైన ముందే వచ్చిన ప్రతి మనిషికీ ఇంకో బ్లైండ్. మీ సందర్భంలో 800కు మరో 800 కలిపి 1,600. గోవా టేబుళ్ల మీద సెలవు మీద వచ్చినవాళ్లు ఊరికే కాల్ చేస్తుంటారు కాబట్టి నేనైతే 2,000 పెడతాను. అప్పుడు ఒకరో ఇద్దరో వస్తారు. ఒక్కోసారి ఎవరూ రారు, 1,100 తీసుకుంటారు. దానికి చిన్నబోవద్దు.

మనిషి మనిషికీ రాజుల బలం ఎలా తగ్గుతుందో చూడండి. ఎదుటివాళ్ల దగ్గర ఏ ముక్కలైనా ఉండొచ్చు అనుకుని చివరి ముక్క దాకా ఆడితే, ఒక్కరి మీద రెండు రాజులు దాదాపు 82 శాతం గెలుస్తాయి. ఇద్దరైతే 69. నలుగురైతే 50. మీలాగా ఐదుగురు వస్తే 43. ఆసులకు కూడా ఐదుగురి మీద 49 దాటదు. ఈ లెక్క చూసి రాజులంటే భయపడకండి. ఆరుగురు ఆడే ఆటలో ఒక్కొక్కరి వంతు పదహారున్నర శాతం చిల్లరే, మీకు 43 ఉంది, అందరికంటే మీరే చాలా ముందున్నారు. కాకపోతే సగం కంటే ఎక్కువసార్లు మీ ఐదుగురిలో ఎవరో ఒకరు మిమ్మల్ని దాటేస్తారు. అది దురదృష్టం కాదు. దానికి సిద్ధపడే కూర్చోవాలి.

మా ఇంట్లో ఆదివారం సాయంత్రాలు మిద్దె మీద చింతగింజలతో పోకర్ ఆడతాం. నేను, మా తమ్ముడు, ఇద్దరు అల్లుళ్లు, పక్కింటి బ్యాంకు మేనేజరు, ఆయన కొడుకు. ఒక వేసవిలో రెండు రాజులు తీసి నా ముందు పెట్టుకుని, మిగతా ఐదుగురికీ కలిపి పంచుతూ పోయాం. నోటుబుక్కులో గీతలు గీస్తూ వచ్చింది మా చిన్నల్లుడు. రాజులు సగం సార్లు కూడా నిలవలేదు. అంతకుముందు ఎన్నిసార్లు నోటితో చెప్పినా నమ్మని అల్లుడు, ఆ గీతలు చూశాక నమ్మాడు. మీరూ ఒకసారి ఇంట్లో పంచి చూడండి. చింతగింజలతోనే సుమా. మన రాష్ట్రంలో 1974 గేమింగ్ చట్టం ఉంది, 2020 సవరణతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలూ దాని కిందికి వచ్చాయి. 2025లో కేంద్రం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఫోన్‌లో ప్రాక్టీస్ అనే మాటే పెట్టుకోవద్దు.

ఇక ఫ్లాప్. 9, 8, 6, అందులో రెండు ఆఠీన్లు. ఐదుగురు చవకగా వచ్చిన ఆటలో రాజులకు దీనికంటే చెడ్డ ఫ్లాప్‌లు తక్కువ. పది-ఏడు ఉన్నవాడికి స్ట్రెయిట్ (వరుసగా ఐదు ముక్కలు) అయిపోయింది, ఏడు-ఐదు ఉన్నవాడికీ అయిపోయింది. తొమ్మిది-ఎనిమిది ఉంటే రెండు జతలు. తొమ్మిదులు, ఎనిమిదులు, ఆరులు జతగా ఉన్నవాడికి సెట్, అంటే ఒకే అంకెవి మూడు ముక్కలు. ఏవైనా రెండు ఆఠీన్లు ఉన్నవాడికి చివరిదాకా చూస్తే ఫ్లష్ (ఐదు ముక్కలూ ఒకే రంగు) పడే అవకాశం 35 శాతం. మీ రాజుల్లో ఒక్కటీ ఆఠీను కాదు. అంటే ఇంకో ఆఠీను పడితే మీకు ఏమీ కలిసిరాదు. అదే రాణి, ఏడు, రెండు మూడు రంగుల్లో పడి ఉంటే ధైర్యంగా పెట్టమనేవాణ్ణి.

మీరు 3,000 పెట్టడం పెద్ద తప్పు కాదు. పాట్‌లో (మధ్యలో పోగైన డబ్బు) 4,900 ఉంది, ఆఠీన్ల కోసం చూసేవాడి దగ్గర ధర తీసుకోవాలి. నేను కొంచెం తక్కువ పెట్టేవాణ్ణేమో, ఒక్కోసారి చెక్ చేసేవాణ్ణి. కానీ ఒకడు కాల్ చేశాక, ఇంకొకడు 9,000 చేశాడంటే అర్థం చేసుకోండి. ఎదురుగా రెయిజ్ చేసిన మీరున్నారు, కాల్ చేసినవాడున్నాడు, ఇద్దర్నీ చూసి కూడా ఆ పెద్దాయన వెనక్కి తగ్గలేదు. సాయంత్రమంతా మౌనంగా ఉన్న మనిషి ఆ మాట అన్నప్పుడు, ఒక్క జతతో ఎదురెళ్లకూడదు.

మనం చిన్నప్పటి నుంచి ఆడిన పదమూడు ముక్కలాట గుర్తు చేసుకోండి. మొదట్లోనే పడేస్తే 20, మధ్యలో పడేస్తే 40, పట్టుదలకు పోయి మునిగితే 80. మధ్యలో డ్రాప్ చేయడానికి మనవాళ్లు ఎవరూ సిగ్గుపడరు. మీరు 9,000 విన్న క్షణంలో రాజుల్ని పడేసి ఉంటే పోయేది 800, 3,000. మొత్తం 3,800. మిగతా 16,200 మీ ముందే ఉండేవి.

ఇదంతా నాకూ ఊరికే రాలేదు. చాలా ఏళ్ల కింద గోవాలో నాకు రెండు ఆసులు పడ్డాయి. ఆసులు పడేది 221 సార్లకు ఒకసారి. అప్పటికి రెండు రాత్రులుగా ఎదురుచూస్తున్నాను. 600 చేశాను, ఐదుగురు వచ్చారు. ఫ్లాప్‌లో మూడు కళావర్లు పడ్డాయి. నా ఆసుల్లో కళావరు లేదు. ఎదుటాయన రెయిజ్ చేస్తే ఆయన వైపు చూడలేదు, నా ఆసుల్నే చూస్తూ కూర్చున్నాను. ఇన్ని గంటలు కాచుకుంటే వచ్చిన ముక్కల్ని పడేయడం ఎలా అనిపించింది. తెచ్చుకున్న డబ్బంతా ఆ ఒక్క ఆటలో పోయింది. మీ ఉత్తరం చదువుతుంటే అదే బల్ల కళ్ల ముందు కనిపించింది. అందుకే ఇంత పొడుగ్గా రాశాను.

ప్రశ్న: ప్రొద్దుటూరు నుంచి రాస్తున్నాను సార్. ఆసు, రాజు కలిసి వచ్చినప్పుడు రెయిజ్ చేస్తే నలుగురు వస్తున్నారు. ఫ్లాప్‌లో ఏమీ కలవకపోయినా నేనే రెయిజ్ చేశాను కదా అని మళ్లీ పెడుతున్నాను. ప్రతిసారీ ఎవరో ఒకరు కాల్ చేస్తున్నారు. ఆపాలా?

జవాబు: నలుగురు ఉన్నప్పుడు ఆపండి. ఆసు-రాజు జతైనా, అంతకంటే మంచిదైనా అయ్యేది మూడు ఫ్లాప్‌లకు ఒకసారే. ఎదురుగా ఒక్కడే ఉంటే అతనికీ ఏమీ కలవలేదని పెట్టొచ్చు, చాలాసార్లు పడేస్తాడు. నలుగురికీ ఒకేసారి ఏమీ కలవకపోవడం అరుదు. చెక్ చేసి, ఎవరైనా పెడితే పడేయండి. రెండూ ఒకే రంగైతే మాత్రం కొంచెం ఓపిక పట్టొచ్చు, ఆ రంగువి రెండు ఫ్లాప్‌లో కనిపించినప్పుడు గుంపు ఉండటమే మీకు లాభం.