నిమిషాలు దశాంశాలు కావు, అమ్ములూ

చిరంజీవి అమ్ములుకి మామయ్య ఆశీస్సులు.

సర్వే పనిలో చేరావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. ముప్పై ఏళ్లు ఈ పనే చేశాను కాబట్టి కోణాల గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

నిమిషాలు దశాంశాలు కావు. ఇది మాత్రం గట్టిగా పట్టుకో. హైదరాబాద్‌లో ఒక పాయింట్ అక్షాంశం 17 డిగ్రీల 23 నిమిషాల 6 సెకన్లు అనుకుందాం. తొందరలో 17.2306 అని కొట్టేస్తారు. కానీ 23ని 60తో, 6ని 3600తో భాగించి 17కి కలిపితే వచ్చేది 17.385. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే నేల మీద సుమారు 111 కిలోమీటర్లు. అంటే నీ పాయింట్ 17 కిలోమీటర్లు దక్షిణానికి పోయినట్టే! మార్చాక వెనక్కి తిప్పి చూడు. 0.385ని 60తో గుణిస్తే 23.1, మిగిలిన 0.1ని మళ్లీ 60తో గుణిస్తే 6. సరిపోయిందా, అప్పుడే రాసుకో.

రేడియన్, అంటే వ్యాసార్ధమంత పొడవున్న చాపం వృత్త కేంద్రం దగ్గర చేసే కోణం, నాకూ మొదట్లో భయమే. మా తాతగారు జాతకాలు వేస్తూ భాగలు, కలలు, వికలలు అనేవారు. అవే మన డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు. ఆర్యభటుడు తన జ్యా (సైన్) పట్టికకు వ్యాసార్ధాన్ని 3438 కలలుగా తీసుకున్నాడు. వృత్తం చుట్టూ ఉన్న 21,600 కలల్ని రెండు పైలతో (2π) భాగిస్తే వచ్చేది దాదాపు అదే. దాన్ని 60తో భాగించు, 57.3 డిగ్రీలు. అదే రేడియన్! ఇది అర్థమైన రోజు ఎంత ఆనందపడ్డానో.

కొత్తలో ఒకసారి ట్రావర్స్ (పాయింట్ నుంచి పాయింట్‌కి కోణాలూ దూరాలూ కొలుస్తూ వెళ్లే గొలుసు) లెక్క ఎంతకీ కలవక సాయంత్రం దాకా టెన్షన్ పడ్డాను. చూస్తే క్యాలిక్యులేటర్ తెర మూల చిన్న ‘జి’ అక్షరం. గ్రేడ్‌లలో ఉంది, వాటిలో లంబకోణం 100. అప్పటి నుంచి ముందు సైన్ 30 కొడతాను. 0.5 వస్తే డిగ్రీలు, 0.454 వస్తే గ్రేడ్‌లు, మైనస్ 0.988 వస్తే రేడియన్లు. కోణాలూ దూరాలూ కొలిచే పరికరం టోటల్ స్టేషన్‌లో ఈ సెట్టింగ్ కూడా రోజూ పొద్దున్నే చూడు. ఎక్సెల్‌లో సైన్ ఫంక్షన్‌కి రేడియన్లే ఇవ్వాలి.

దశాంశాలు మధ్యలో తెగ్గొట్టకు. డిగ్రీలను రెండు స్థానాలకే కుదిస్తే 18 సెకన్ల దాకా తేడా రావచ్చు, కిలోమీటరు దూరంలో అది దాదాపు 9 సెంటీమీటర్లు. సరిహద్దు రాయి దగ్గర రైతు ఆ 9 సెంటీమీటర్లూ అడుగుతాడు, అడగాలి కూడా.

అదే పాయింట్ రేఖాంశం 78 డిగ్రీల 29 నిమిషాల 12 సెకన్లు. చేత్తో మార్చి, వెనక్కి తిప్పి, రాత్రికి ఫోన్ చెయ్యి.

మీ మామయ్య